సంకేత ఛేదన క్రీడ: ఆన్‌లైన్ పోటీలు, కృష్ణా డెల్టా అక్షరవిద్యలు

నిర్వచనం

ఒకరు దాచిన వరుసను మరొకరు ఊహల ద్వారా, ఆ ఊహలకు వచ్చే జవాబుల ద్వారా కనిపెట్టే ఆటను సంకేత ఛేదన క్రీడ అంటారు. దాచిన వరుసలో రంగులుండవచ్చు, అంకెలుండవచ్చు, అక్షరాలుండవచ్చు. దాన్ని ఈ వ్యాసంలో ‘రహస్యం’ అని, ఆటగాడు ప్రతిసారీ పంపే వరుసను ‘ఊహ’ అని, దానికి తిరిగొచ్చే సమాచారాన్ని ‘జవాబు’ అని వ్యవహరిస్తున్నాం. జవాబు రెండు సంగతులు చెబుతుంది. ఊహలో ఎన్ని అంశాలు సరైనవై సరైన చోటనే ఉన్నాయన్నది మొదటిది, ఎన్ని సరైనవే అయినా చోటు తప్పాయన్నది రెండోది. వర్డిల్ వంటి ఇంటర్నెట్ మాటల ఆటల్లో ఏ గడిలో ఏ స్థితి ఉందో కూడా రంగుతో తెలుస్తుంది. రంగు చీలలతో ఆడే మాస్టర్‌మైండ్‌లో లెక్క మాత్రమే తెలుస్తుంది, ఏ గడి సంగతో తెలియదు. కష్టంలో ఈ రెండింటి మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది.

పొడుపుకథకు, ఈ ఆటకు పోలిక పైపైనే. పొడుపుకథలో ఆధారమంతా ముందే చేతికొస్తుంది. ఇక్కడ ఆధారాన్ని ఆటగాడే అడిగి రాబట్టుకోవాలి. ఏం అడగాలన్న నిర్ణయంలోనే నేర్పు ఉంది. కంప్యూటర్ భద్రతా పోటీల్లో గూఢలిపులను విప్పే అంశం వేరే విద్య, ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

చరిత్ర

అక్షరాలను దాచి చెప్పడం భారతదేశంలో పాత విద్యే. వాత్స్యాయనుడి కామసూత్రం చెప్పిన అరవై నాలుగు కళల్లో అక్షరముష్టికాకథనం, మ్లేచ్ఛితవికల్పం ఉన్నాయి. మొదటిది అక్షరాలను సంకేతాలతో తెలపడం, రెండోది మాటను మార్చి గూఢంగా పలకడం లేదా రాయడం. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు రకాల ప్రహేళికలను వివరించాడు. అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది పద్ధతి కర్ణాటక సంగీతంలో నేటికీ వాడుకలో ఉంది. డెబ్బై రెండు మేళకర్తల పేర్లలో మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి, తిరగేసి చదివితే ఆ రాగం వరుస సంఖ్య వస్తుంది. మేచకల్యాణిలో మ అయిదు, చ ఆరు. తిరగేస్తే 65. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు. తిరగేస్తే 29. విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ డెబ్బై రెండు మేళకర్తల్లోనూ కృతులు రచించారు. అయితే కటపయాదికి తాళంచెవి అందరి దగ్గరా ఉంటుంది కనుక అది సంకేతమే తప్ప ఛేదన క్రీడ కాదు. పిల్లలు ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చి మాట్లాడుకునే క-భాషదీ ఇదే కోవ.

ఆధునిక క్రీడకు మూలం కాగితం, పెన్సిళ్లతో ఆడిన అంకెల ఆట బుల్స్ అండ్ కౌస్. మన బడుల్లో దీన్ని కౌస్ అండ్ బుల్స్ అని తిరగేసి పిలుస్తారు, నోట్‌బుక్కు చివరి పేజీల్లో ఆడుతుంటారు. దీన్ని కంప్యూటర్‌కెక్కించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1968లో ఫ్రాంక్ కింగ్ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని టైటన్ యంత్రం మీద రాసిన ‘మూ’. 1955లో మోర్టన్ రోజెన్‌ఫెల్డ్ అయిదక్షరాల ఇంగ్లీషు మాటలతో జోటో అనే ఆట తెచ్చాడు. ఇజ్రాయెల్‌కు చెందిన మోర్డెకాయ్ మెయిరోవిట్జ్ 1970లో రూపొందించిన మాస్టర్‌మైండ్‌ను బ్రిటన్‌లోని ఇన్విక్టా ప్లాస్టిక్స్ సంస్థ మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టింది. ఆరు రంగుల చీలలు, నాలుగు రంధ్రాలు, జవాబుకు నలుపు, తెలుపు చీలలు: అంతే సరంజామా. 1977కల్లా డొనాల్డ్ కనూత్ దీనికి గణిత పరిష్కారం ప్రచురించాడు.

ఇంటర్నెట్లో ఈ ఆట కోట్లమందికి చేరింది 2021 అక్టోబరులో జోష్ వార్డిల్ విడుదల చేసిన వర్డిల్‌తో. అయిదక్షరాల మాట, ఆరు అవకాశాలు, రోజుకు ఒక్కటే రహస్యం, లోకమంతటికీ అదే. ఫలితాన్ని మాట బయటపెట్టకుండా రంగు గడులుగా పంచుకునే సౌకర్యం ఆ డిసెంబరులో వచ్చాక ఆట అంటువ్యాధిలా పాకింది. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొన్నది. ఆ ఏడాదే పలు భారతీయ భాషల్లో, తెలుగులో కూడా, అలాంటి ఆటలు తయారయ్యాయి.

ఆట పనిచేసే తీరు

ఒక్కో జవాబు రహస్యాల జాబితాలో కొన్నిటిని కొట్టేస్తుంది. ఎన్నిటిని కొట్టేస్తుందన్నదే ఊహ విలువ. అంకె తిరగబడని నాలుగంకెల కౌస్ అండ్ బుల్స్‌లో సాధ్యమైన రహస్యాలు 5,040. మొదటి ఊహగా 1234 పంపామనుకుందాం. ఒక్క అంకె కూడా లేదని జవాబొస్తే చాలామంది నిరుత్సాహపడతారు. నిజానికి అది మంచి జవాబు, 360 రహస్యాలే మిగులుతాయి. ఒక అంకె ఉంది గానీ చోటు తప్పింది అంటే 1,440 మిగులుతాయి. ఎక్కువసార్లు వచ్చేదీ, ఎక్కువ తిప్పలు పెట్టేదీ ఈ జవాబే. రెండు అంకెలు సరైన చోట, మూడోది తప్పు చోట అని వస్తే మిగిలేవి 72 మాత్రమే. పక్కా పద్ధతిలో ఆడితే ఏ రహస్యాన్నయినా ఏడు ఊహల్లోపు పట్టవచ్చు. సగటు 5.213 ఊహలు.

నాలుగు రంధ్రాలు, ఆరు రంగుల మాస్టర్‌మైండ్‌లో రహస్యాలు 1,296. రాగల జవాబులు పద్నాలుగు. మూడు సరైన చోట ఉండి నాలుగోది మాత్రమే చోటు తప్పడం సాధ్యం కాదు కనుక పదిహేనో జవాబుకు తావు లేదు. రంగులను అంకెలతో గుర్తిస్తే, కనూత్ పద్ధతి 1122 అనే ఊహతో మొదలవుతుంది. దానికి ఎంత చెడ్డ జవాబొచ్చినా మిగిలేవి 256కు మించవు. నాలుగు వేర్వేరు రంగులతో, అంటే 1234తో మొదలుపెడితే ఆ సంఖ్య 312 దాకా పోతుంది. రంగులన్నీ ఒకేసారి పరీక్షించాలన్న సహజమైన తొందర ఇక్కడ నష్టం చేస్తుంది. కనూత్ పద్ధతిలో ఏ రహస్యమైనా అయిదు ఊహల్లో తేలిపోతుంది. 1993లో కొయామా, లై అనే పరిశోధకులు సగటును 4.340కి తగ్గించే పద్ధతి చూపారు. అందులో ఆరో ఊహ దాకా పోవలసి రావచ్చు. ఎంత చెడ్డ రోజునయినా గట్టెక్కించే పద్ధతి, సగటున బాగా ఆడించే పద్ధతి ఒకటి కావన్న ఈ తేడా పోటీ ఆటగాడికి ముఖ్యం. ఒక్క ఆటతో తేలే నాకౌట్‌లో ఒకటి పనికొస్తుంది, వంద ఆటల మొత్తంతో తేలే లీగులో మరొకటి.

రంధ్రాలు, రంగులు పెరిగేకొద్దీ యంత్రానికి కూడా పని బరువెక్కుతుంది. ఇచ్చిన ఊహలకు, జవాబులకు సరిపడే రహస్యం ఒక్కటైనా ఉందా అని తేల్చే సమస్య వేగంగా తేల్చే పద్ధతి ఏదీ తెలియని ఎన్‌పీ-సంపూర్ణ వర్గానికి చెందుతుందని 2005లో నిరూపించారు. వర్డిల్ అంత దూరం పోదు. మొదట్లో దాని జవాబుల జాబితాలో ఉన్నవి 2,315 మాటలే. ఆ జాబితా తెలిసిన యంత్రం ‘సాలెట్’ అనే మాటతో మొదలుపెట్టి సగటున 3.42 ఊహల్లో, ఎప్పుడూ అయిదుకు మించకుండా ముగిస్తుంది.

పోటీ రూపాలు

చదరంగానికి ఫిడే ఉన్నట్టు ఈ ఆటకు అందరూ ఒప్పుకున్న ప్రపంచ సంస్థ లేదు. గుడివాడలో 1987లో పుట్టి, 2002లో గ్రాండ్‌మాస్టర్ హోదా, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ సాధించిన కోనేరు హంపి వంటి క్రీడాకారిణి స్థాయిని ఎలో రేటింగు చెబుతుంది. సంకేత ఛేదనలో మాత్రం ఒక వేదిక మీది ర్యాంకు మరో వేదిక మీద చెల్లదు. నియమాలు వేదికకొకటి కావడమే ఇందుకు ప్రధాన కారణం.

వాడుకలో ఉన్న రూపాల్లో సర్వసాధారణమైనది ఉమ్మడి రహస్య పోటీ. అందరికీ ఒకే రహస్యం ఇస్తారు. తక్కువ ఊహల్లో పట్టినవారిది గెలుపు, సమానమైతే పట్టిన సమయం చూస్తారు. ముఖాముఖి పోటీలో ఇద్దరూ చెరో రహస్యం దాచి, వంతులవారీగా ఊహిస్తారు. ఇందులో రహస్యాన్ని ఎంచుకోవడం కూడా ఒక ఎత్తు. పుట్టినరోజు అంకెలు, 1234 వంటి వరుసలు దాచేవారు త్వరగా దొరికిపోతారు. కఠిన పద్ధతిలో ముందు జవాబుల్లో తేలిన అక్షరాలను తర్వాతి ఊహల్లో తప్పనిసరిగా వాడాలి. ఒకే గడి తేడాతో మాటలు గుంపుగా మిగిలిపోయినప్పుడు ఈ నియమం ఆటగాణ్ని బంధిస్తుంది. మామూలు పద్ధతిలోనైతే ఆ గుంపును విడదీయడానికి, రహస్యం కాదని తెలిసిన మాటను కూడా పంపవచ్చు. కొత్తవారికి వృథా అనిపించే ఆ ఊహే చాలా పోటీలను గెలిపిస్తుంది.

ఇవి కాక ప్రతికూల పద్ధతి ఉంది. అబ్సర్డిల్ వంటి ఆటల్లో యంత్రం రహస్యాన్ని ముందుగా నిర్ణయించుకోదు. అంతకుముందు ఇచ్చిన జవాబులకు విరుద్ధం కాకుండా, మిగిలిన మాటల్లో పెద్ద గుంపు తన దగ్గరే ఉండేలా ప్రతిసారీ జవాబు చెబుతుంది. ఇది అన్యాయంగా తోచినా నియమబద్ధమే. దీనికి దగ్గరి చుట్టం కృష్ణా తీరంలో చాలాకాలంగా ఉంది. (చూడండి: కృష్ణా డెల్టా అవధాన సంప్రదాయం.)

తెలుగులో ఆట: అక్షరం సమస్య

ఇంగ్లీషు ఆటలో గడికి ఒక అక్షరం. ఉన్నవి ఇరవై ఆరే కాబట్టి రెండు ఊహల్లో పది అక్షరాల సంగతి తేలుతుంది. తెలుగులో గడికి ఏం పెట్టాలన్నదే మొదటి చిక్కు. కంప్యూటర్ నిల్వచేసే యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తే ‘స్త్రీ’ ఆరు సంకేతాలు, ‘కృష్ణా’ కూడా ఆరే. చదివేవారికి మొదటిది ఒక్క అక్షరం, రెండోది రెండు. యూనికోడ్ సంకేతానికొక గడి ఇస్తే ఒత్తులు, గుడులు విడివిడిగా వేలాడతాయి. ఆ రూపంలో తెలుగువారు ఆడలేరు. పత్రికల గళ్లనుడికట్టు ఈ చిక్కును ఏనాడో తేల్చింది: గుణింతంతో, ఒత్తుతో సహా ఉచ్చరించే అక్షరమంతా ఒక గడి. ఆ లెక్కన విజయవాడ, మచిలీపట్నం, అవనిగడ్డ అయిదేసి అక్షరాల మాటలు. గుడివాడ, నూజివీడు, కూచిపూడి నాలుగేసి. పామర్రు మూడు.

గడి తేలినా జవాబు తేలదు. రహస్యం ‘గోదావరి’, ఊహ ‘గుడివాడ’ అనుకుందాం. అక్షరం అక్షరంగా పోల్చితే గు, డి, వా, డల్లో ఒక్కటీ రహస్యంలో లేదు. నాలుగు గడులూ బూడిదరంగే. కానీ మొదటి గడిలో గ, మూడో గడిలో వ హల్లులుగా సరిపోయాయి. ఈ సంగతి చెప్పకపోతే ఆట దాదాపు గుడ్డి ఊహ అవుతుంది. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కోదానికి పన్నెండుకు పైగా గుణింత రూపాలు లెక్కేస్తే ఒత్తులు లేకుండానే అక్షరాలు నాలుగు వందలు దాటతాయి. అందుకే తెలుగు ఆటకు మూడో రకం జవాబు అవసరం: హల్లు సరే, గుణింతం తప్పు. అది ఇస్తే ఆట తొందరగా కదులుతుంది, మరీ ఉదారంగా ఇస్తే తేలికైపోతుంది.

సంయుక్తాక్షరాల దగ్గర మళ్లీ చిక్కు. రహస్యం ‘అవనిగడ్డ’, ఊహ ‘విజయవాడ’ అయితే అయిదో గడిలో డ, డ్డ ఎదురెదురుగా ఉంటాయి. సరిపోయినట్టా, కాదా? ఛందస్సులోని ప్రాస నియమం ఇక్కడ ఒక కొలత ఇస్తుంది. ప్రాసలో, అంటే ప్రతి పాదం రెండో అక్షరంలో, హల్లు ఒకటే ఉండాలి, అచ్చు మారవచ్చు. ద్విత్వానికి ద్విత్వమే, సంయుక్తానికి సంయుక్తమే రావాలి. ఆ లెక్కన గు, గో కుదురుతాయి, డ, డ్డ కుదరవు. పద్యం చదువుకున్న చెవికి ఈ గీత కొత్తగా అనిపించదు కనుక ఆట తయారుచేసేవారికి ఇది సిద్ధంగా ఉన్న నియమం. నిండుసున్నను, దాని తర్వాతి అక్షరాన్ని ఎలా చూడాలన్నది కూడా పోటీకి ముందే రాసిపెట్టుకోవలసిన అంశం.

నిఘంటువు ఎంపిక మరో పేచీ. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి. ‘విజయవాడలో’, ‘విజయవాడకు’ అనేవి వేరే మాటలుగా చెల్లుతాయా అన్నది నిర్వాహకులు ముందుగానే చెప్పాలి. చెప్పని చోట వాదులాటలు తప్పవు.

కృష్ణా డెల్టా అవధాన సంప్రదాయం

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒకే సభలో ఎనిమిది రకాల పరీక్షలు పెడతారు. అవధాని కాగితం, కలం ముట్టకుండా వాటిని వంతులవారీగా నిర్వహించి, చివర అన్నీ అప్పజెప్పాలి. సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు వంటి అంశాలు కవితాశక్తికి పరీక్షలు. నిషిద్ధాక్షరి, వ్యస్తాక్షరి మాత్రం సంకేత ఛేదనకు నేరుగా సంబంధించినవి. కొన్ని సభల్లో చదరంగాన్ని కూడా ఒక అంశంగా పెడతారు.

వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని మనసులో పెట్టుకుని, సభ నడుస్తుండగా ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు లేచి, ఏడో అక్షరం ఇది, రెండో అక్షరం అది అని క్రమం తప్పించి అందిస్తాడు. అవధాని చివర వాక్యాన్ని సరైన వరుసలో చెప్పాలి. ఆన్‌లైన్ ఆట భాషలో ఇది చోటుతో సహా అన్నీ ఆకుపచ్చగా వచ్చే జవాబు. తర్కానికి పని తక్కువ. మధ్యలో పద్యాలు కడుతూ, అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి కొంటె ప్రశ్నలకు బదులిస్తూ గడులను తలలో ఖాళీగా నిలిపి ఉంచడమే కష్టం. అనుభవం ఉన్న అవధాని సగం అక్షరాలకే వాక్యాన్ని పసిగట్టగలడు. అప్పుడది అచ్చమైన ఛేదనే.

నిషిద్ధాక్షరి దీనికంటే ఆసక్తికరం, ఎందుకంటే ఇందులో ఛేదించేది పృచ్ఛకుడు. అవధాని ఒక విషయం మీద పద్యం మొదలుపెట్టి ఒక్కో అక్షరం చెబుతుంటాడు. తర్వాత ఏ అక్షరం రాబోతుందో ఊహించి, దాన్ని వాడవద్దని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ఉదాహరణకు ‘శ్రీ’ అనగానే ‘ర’ వద్దంటే రామశబ్దం వైపు దారి మూసినట్టు. సాధారణంగా నిషేధం హల్లు మీద ఉంటుంది, దాని గుణింతమంతా పోయినట్టే లెక్క. అవధాని వెంటనే మరో మాట వైపు మళ్లాలి. ఆ మాట అర్థానికి, గణాలకు, యతిప్రాసలకు కుదరాలి. మంచి పృచ్ఛకుడు పదే పదే సరైన అక్షరాన్నే పట్టుకుంటాడు, అంటే అవధాని మనసులోని రహస్యాన్ని చదువుతున్నాడన్నమాట. అవధాని ఆ రహస్యాన్ని అంతవరకు పలికిన అక్షరాలకు విరుద్ధం కాకుండా ఎప్పటికప్పుడు మార్చేస్తుంటాడు. అబ్సర్డిల్ యంత్రం చేసే పని ఇదే. యంత్రానికి ఛందస్సు అడ్డు లేదు, నిండు సభ ఎదురుగా ఉండదు.

ఈ విద్యకు ఆంధ్రదేశమంతటా ప్రచారం తెచ్చిన జంట తిరుపతి వేంకట కవులు: దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950). చెళ్లపిళ్ల మచిలీపట్నం హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేశారు. అక్కడి శిష్యుల్లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. అవధానాలను సంస్థానాల నుంచి ఊరూరి సభలకు తీసుకొచ్చిన ఘనత ఈ జంటదే. సంస్థానాలకు పరిమితమైన అక్షరక్రీడ జనం చూసే పోటీగా మారింది. సభికులు కూడా తర్వాతి అక్షరం ఏమై ఉంటుందో ఊహించుకుంటూ కూర్చునేవారు కాబట్టి, ప్రేక్షకులుండే పోటీగా సంకేత ఛేదనకు ఇంతకంటే పాత ఉదాహరణ చూపడం కష్టం.

నిజాయితీ, నిఘా

ఆన్‌లైన్ పోటీలకు ఉన్న పెద్ద బెడద పరిష్కార యంత్రాలు. జవాబు టైపు చేస్తే తర్వాతి ఊహ సూచించే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. ఉమ్మడి రహస్య పోటీల్లో ముందే ఆడినవారు జవాబు చెప్పేస్తారన్న భయం కూడా ఉంది. నిర్వాహకులు ఊహకూ ఊహకూ మధ్య సమయాన్ని నమోదు చేస్తారు. మనిషి తడబడవలసిన చోట ఒకే వేగంతో ఆడటం, ప్రతిసారీ యంత్రం ఎంచుకునే అరుదైన మాటే పంపడం అనుమానానికి ఆధారాలు. ఇవి రుజువులు కావు. బాగా సాధన చేసినవారు మొదటి రెండు ఊహలనూ బట్టీపట్టి మెరుపులా పంపుతారు కనుక, పెద్ద పోటీల చివరి అంకాన్ని అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నడపడం, కెమెరా ముందు ఆడించడం మేలైన పద్ధతులు. అవధానంలో ఈ సమస్యకు జవాబు సులువు: అవధాని చేతులు ఖాళీగా ఉండటం అందరికీ కనిపిస్తుంది.

చట్టం

రహస్యాన్ని యాదృచ్ఛికంగా ఎంచినా, ఫలితం ప్రధానంగా ఆటగాడి తర్కం మీద ఆధారపడుతుంది కాబట్టి సంకేత ఛేదనను నైపుణ్య క్రీడగా లెక్కించవచ్చు. నైపుణ్యం, అదృష్టం మధ్య గీత గీసిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ వ్యాజ్యంలో పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది. అయినా డబ్బు పందెం ఉన్న చోట ఆ గీత ఇప్పుడు రక్షణ ఇవ్వదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020లో సవరించి, రమ్మీ, పోకర్ సహా పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అన్న విచారణ లేకుండా, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే సామాజిక ఆటలను మాత్రం ప్రోత్సహించదగినవిగా వేరుచేసింది. అందువల్ల విజయవాడ కాలేజీ ఉత్సవంలో గానీ, ఊరి గ్రంథాలయం తరఫున గానీ తెలుగు మాటల ఛేదన పోటీని ఆన్‌లైన్‌లో పెట్టదలచినవారు ఆటగాళ్లు కట్టిన సొమ్మునే గెలిచినవారికి పంచే ఏర్పాటుకు దూరంగా ఉండాలి. ఆటగాళ్ల దగ్గర రుసుము తీసుకోకుండా పుస్తకమో, శాలువానో బహుమతిగా ఇచ్చే పోటీకి ఆ ఇబ్బంది లేదు.